ఆరో చుక్క

గోక్కోకూడదు, ఊదకూడదు, పమిట కొంగు కూడా తగలనివ్వకూడదు అని మూడుసార్లు చెప్పి జైతున్‌బీ సిస్టరు నా ఎడమ చేతిని తెల్లటి దిండు మీద వెల్లకిలా పెట్టి, గోడ గడియారం చూసి, కాగితం మీద టైము రాసుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయింది. పదీ ఇరవై. మోచేతి మడత నుంచి మణికట్టు దాకా రెండు వరసల్లో నీలం సిరాతో ఒకటి నుంచి పది వరకు అంకెలు, ప్రతి అంకె పక్కనా ఒక మందుచుక్క, ఆ చుక్కలోంచి సన్నగా ఒక సూది పొడుపు. ఇరవై నిమిషాలు ఇలాగే కూచోవాలి. ఏది నా ఒంటికి పడదో ఆ చుక్క కింద చర్మం దోమ కుట్టినట్టు ఉబ్బుతుందట, మిగతావి ఊరికే ఉండిపోతాయట. ఏ చుక్కలో ఏముందో చెప్పలేదు. చెబితే మీ మనసు ముందే ఉబ్బుతుందమ్మా అని డాక్టరు రామాంజనేయులుగారు నవ్వారు. అయినా నాకు ఒకటి తెలుసు. తొమ్మిది సీసాల్లో నీళ్ళలాంటి మందే ఉంది, ఒక్క సీసాలో మాత్రం లేత ఎరుపు. అది ఆరో అంకె పక్కన పడింది. గుంటూరులో పుట్టి పెరిగినదాన్ని, ఆ ఎరుపేమిటో నాకు ఒకరు చెప్పాలా. ప్రభువా, ఆరు ఉబ్బాలి.

ఇలాంటి ప్రార్థన ఎవరైనా చేస్తారా అని నాకే సిగ్గుగా ఉంది. పరీక్షకు వచ్చినవాళ్ళు ఏమీ లేదని తేలాలని మొక్కుకుంటారు. బయట బెంచీ మీద నా పక్కన కూచున్న ముసలాయన, ఏమీ లేదంటే చాలు, ఊళ్ళో పదిమందికి భోజనం పెడతానన్నాడు. నేను మాత్రం ఉందని తేలాలని, అదీ మిరపకాయేనని తేలాలని, తాడేపల్లి నుంచి తొలి బస్సులో వచ్చి ఇక్కడ చెయ్యి చాపుకుని కూచున్నాను. ఎందుకంటే ఆ మిరపకాయ పేరు చెప్పి నేను మా ఆయన్ని వదిలేశాను. వదిలేశానంటే కోర్టులూ పంచాయితీలూ ఏమీ లేవు. చర్చి రిజిస్టరులో మా పెళ్ళి పెళ్ళిలాగే ఉంది. ఆయన వేటపాలెంలో, నేను తాడేపల్లిలో, మధ్యన తొమ్మిదేళ్ళు. ఆరు ఉబ్బిందా, ఒంటికి పడనిదాన్ని దూరంగా పెట్టాను, నా స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. ఉబ్బకపోతే? ఆ మాట ఇప్పుడు అనుకోను. ఇంకా మూడు నిమిషాలే అయింది.

ఫ్యాను కిర్రు కిర్రుమంటోంది. వారం రోజులుగా తుమ్ములకు వేసుకునే అవిల్ మాత్ర వేసుకోలేదు, వేసుకుంటే పరీక్ష అబద్ధం చెబుతుందన్నారు. ఆ వారం నేను పడ్డ అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు. కళ్ళు చింతనిప్పులు, ముక్కు సరిగా కట్టని కుళాయి, తెల్లవారుజామున గుండెల్లో పిల్లికూతలు. ఒంటి తుమ్ము అపశకునమంటారు. నాకు ఒంటి తుమ్మే లేదు, మొదలైతే డజను, కాబట్టి నా మూలాన ఏనాడూ ఎవరి ప్రయాణమూ ఆగలేదు. మా హాస్టలు పిల్లలు నా వెనకాల నన్ను చప్పిడి ఆంటీ అంటారని తెలుసు. మిషను వాళ్ళ ఆడపిల్లల హాస్టలు అది, నేను వార్డెన్ని, పదకొండేళ్ళుగా. అక్కడ వంటలో కారం సగానికి సగం తగ్గించింది నేనే. మిరపకాయలు దంచాలంటే వంటమనిషి అంకమ్మ కాంపౌండు గోడ అవతలకు వెళ్ళి దంచాలి. గుంటూరు జిల్లా పిల్లల చేత చప్పిడి పప్పు తినిపించిన పాపం ఊరికే పోదండీ సంతోషకుమారిగారూ అని అంకమ్మ నా మొహం మీదే అంది. రోడ్డు మీద మిరపకాయల లారీ పోతుంటే కిటికీలన్నీ మూయించేదాన్ని. అన్నీ మూసినా తుమ్ములు తగ్గలేదు. తగ్గకపోతే ఇంకా ఎక్కడో ఒక కాయ మిగిలిపోయిందనే అనుకున్నాను గాని ఇంకోటి అయి ఉండొచ్చని ఒక్క పూట కూడా తోచలేదు. ఎలా తోస్తుంది. మా వైపు తుమ్మంటే మిరపకాయే. ఉయ్యాల్లో పసిపిల్ల తుమ్మినా, పోపులో ఎండుమిరపకాయ మాడ్చిందెవరే అని అటూ ఇటూ చూస్తాం.

చెయ్యి జిలపెడుతోంది. ఎక్కడో తెలియడం లేదు, చెయ్యంతా. అటు చూడకుండా ఉంటేనే మంచిది. అత్తగారు ఎలీసమ్మ అనేది, దురదని చూస్తే దురద పెరుగుతుందే అని. నల్లపాడు అవతల మా అత్తగారి ఊరు, చుట్టూ మిరపచేలు, పత్తిచేలు. ఆవిడ జీవితమంతా కాయకోతలోనూ తొడిమెలు తీయడంలోనూ గడిచింది. వేళ్ళు ఎప్పుడూ మండుతూనే ఉండేవి, పిల్లలకు అన్నం కలిపి పెట్టాలంటే ముందు మజ్జిగలో చేతులు ముంచుకునేది. మా ఆయన గుంటూరు యార్డులో మిరపబస్తాలు కాటా వేసే పనిలో ఉండేవాడు. పొద్దుగూకే వేళకు ఇంటికి వచ్చేసరికి కనురెప్పల వెంట్రుకల మీద కూడా ఎర్రటి నుసి. మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. మిరపపని నుంచి వచ్చినవాళ్ళు గడప దాటకూడదు. పెరట్లోనే స్నానం చెయ్యాలి, విప్పిన బట్టలు వేరే దండెం మీద వెయ్యాలి, అప్పుడే లోపలికి రావాలి, పసివాళ్ళని ముట్టుకోవాలి. అది ఎవరినీ చిన్నబుచ్చడం కాదు, చెప్పులు బయట విడిచినట్టే. కొత్తగా కాపరానికి వెళ్ళిన రోజుల్లో ఆయన పెరట్లో నీళ్ళు పోసుకుంటుంటే నేను చెంబు అందిస్తూ నిలబడేదాన్ని. ఇంకా ఉందా, చెవి వెనకాల ఉందా అని అడిగేవాడు. ఉంది అని అబద్ధం చెప్పి ఇంకో చెంబు పోసేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా చెప్పేదాన్నో.

రెండేళ్ళు ఏమీ లేదు. మూడో ఏడు, గేదెను కొన్న కొత్తల్లో, మొదలయ్యాయి తుమ్ములు. తుమ్ముతో మొదలై ఆయాసం దాకా వెళ్ళింది. ఒకనాడు ఊపిరి అందక గడప మీద పడిపోతే బుడాన్ అని మా ఊరికి సైకిలు మీద వచ్చే డాక్టరు సూది వేసి, మిరప ఘాటమ్మా, ఊరు మారితే గాని తగ్గదు అన్నాడు. మందుకు డబ్బు తీసుకున్నాడు, మాటకు తీసుకోలేదు. ఆ ఉచితం మాటే నా నెత్తిన కూచుంది. లోకంలో ఇంతమంది పిల్లలుండగా మిరపకాయ గిట్టని కోడలు గుంటూరు జిల్లాలో నాకే దొరికిందే అని మా అత్త ఊరంతా వినపడేలా అరిచింది. అరిచిందే గాని, తొడిమెలు తీసే పనికి నన్ను ఒక్కరోజు పిలవలేదు. నా వంతు కూడా తనే తీసేది. ఏడాది తిరిగేసరికి తాడేపల్లిలో ఈ ఉద్యోగం వచ్చింది. అత్త నా పెట్టె తనే సర్ది, అందులో పచ్చడి జాడీ పెట్టబోయి, నాలిక కరుచుకుని తీసేసింది.

పదీ ఇరవై ఆరు. ఆరు దగ్గర చురుక్కుమంది. నిజంగానే. మొదట మనసు ఆడిస్తున్న ఆట అనుకున్నాను, కాదు, మండుతోంది, సన్నటి సెగలాగా. చూశాను. చుక్క చుట్టూ చర్మం ఎర్రబడింది. అమ్మయ్య. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మండు, బాగా మండు, నీ దుంప తెగ. ఇన్నాళ్ళూ నేను అన్నది నిజమని చెప్పు. ఎర్రబడితే సరిపోతుందా, ఉబ్బాలా? ఉబ్బాలన్నారు. ఉబ్బుతుంది, ఇంకా పద్నాలుగు నిమిషాలుంది. పొద్దున డాక్టరుగారు మందుచీటీ వెనకాల పెన్సిలుతో బొమ్మ వేసి చూపించారు, ఒంట్లో ఈ గొడవంతా ఎలా జరుగుతుందో. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పారు, నేను కూడా పంతులమ్మ చదువు చదివినదాన్నే గనక చెప్పే తీరు చూసి ముచ్చటేసింది.

"ఒంట్లో కాపలావాళ్ళుంటారమ్మా" అన్నారు. "బయటినుంచి ఏదొచ్చినా తడిమి చూస్తారు. మొదటిసారి వచ్చినప్పుడు మీకేమీ తెలియదు, తుమ్ము కూడా రాదు. వాళ్ళు మాత్రం చప్పుడు చెయ్యకుండా దాన్లోంచి చిన్న ముక్క తుంచుకుని, లోపలికి తీసుకెళ్ళి, ఇదిగో వీడు వచ్చాడు అని చూపిస్తారు. అప్పుడు ఆ ముక్క ఆకారాన్ని మాత్రమే పట్టుకునే బుల్లి బుల్లి చేతులు తయారవుతాయి. వేలకు వేలు. అవి వెళ్ళి ముక్కులో, కళ్ళలో, ఊపిరితిత్తుల్లో మందు కూరిన సంచుల మీద కూచుంటాయి. ఎన్నేళ్ళయినా ఎదురుచూస్తూ కూచుంటాయి."

"ఆ తరవాతండీ?"

"అదే మళ్ళీ వస్తుంది. పక్కపక్కనున్న రెండు చేతులకు ఒకేసారి చిక్కుతుంది. ఒక చెయ్యి పట్టుకుంటే ఏమీ కాదు, రెండు పట్టుకుంటే సంచీ పగులుతుంది. ఆ పగిలిందే తుమ్ము, ఆ పగిలిందే ఆయాసం."

ఆ వచ్చింది నిజంగా అంత చెడ్డదేనా అని అడిగాను. కాదట. అదే తమాషా అన్నారు. అది పాపం ఎవరినీ ఏమీ చెయ్యదు, గాలికి వచ్చి గాలికి పోయేది. కాపలావాడే పొరపాటున దొంగ అనుకున్నాడు. ఒకసారి అనుకున్నాక ఇంక ఆ మొహం మరిచిపోడు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు.

ఇరవై తొమ్మిది. కిటికీలోంచి కొత్తపేట రోడ్డు కనిపిస్తోంది. రిక్షావాడు మందుల షాపు నీడలో తల కిందికి వాల్చి నిద్రపోతున్నాడు. ఒక మగమనిషి, ఆరోగ్యం బాగాలేని భార్యని రెక్క పట్టుకుని మెట్లెక్కిస్తున్నాడు, నెమ్మదిగా, నెమ్మదిగా అంటున్నాడు, ఆవిడ విసుక్కుంటోంది. విసుక్కోవడానికైనా ఒక మనిషి ఉండాలి. పొద్దున చీటీ రాసేచోట వెంట ఎవరొచ్చారు అని అడిగితే ఎవరూ లేరన్నాను, ఆ గుమాస్తా తల కూడా ఎత్తలేదు. క్రిస్మస్ సెలవులకు పిల్లలంతా ఇళ్ళకు వెళ్ళాక అరవై మంచాల ఆ హాల్లో నా తుమ్ము నాకే తిరిగి వినిపిస్తుంది. చిరంజీవ అనేవాళ్ళుండరు. ఆయన అనేవాడు. రెండో తుమ్ముకి చిరంజీవ, అయిదోదానికి శతాయుష్షు, పదోదానికి ఇంక నువ్వు పోవే బాబూ లోకం ఉన్నన్నాళ్ళూ ఉంటావు అని.

రెండో ఆదివారం వచ్చేవాడు, నెలనెలా. ఆడపిల్లల హాస్టల్లోకి మగవాళ్ళు రాకూడదు. వచ్చినా నేను రానిచ్చేదాన్ని కాదేమో, ఒంటినిండా మిరప కదా. గేటు దగ్గర పంపు కింద తలారా స్నానం చేసేవాడు. యార్డు బట్టలు వద్దని ఆయన చొక్కాలు రెండు నా పెట్టెలోనే ఉతికి మడత పెట్టి ఉంచేదాన్ని, అవి ఇచ్చేదాన్ని. అంత చేశాక ఇద్దరం హాస్టలు వెనక కాలవగట్టు దగ్గర పచ్చగడ్డిలో కూచునేవాళ్ళం. మెత్తగా, ఒత్తుగా ఉండేది అక్కడ. అంకమ్మ రెండు పళ్ళాలు తెచ్చి పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయేది. ఆయనకి చేతులు ఊరికే ఉండవు. మాట్లాడుతూ మాట్లాడుతూ గడ్డిలోంచి ఒక పూతకాడ లాగేవాడు, పిచ్చుక కాలులాగా నాలుగు వేళ్ళుంటాయే, అది. దాంతో నా చెవి దగ్గర గిలిగింత పెట్టేవాడు. మెడ మీద రాసేవాడు. ఛీ, పిల్లలు చూస్తారు అనేదాన్ని. ఇంకో రెండు నిమిషాలకు మొదలయ్యేవి తుమ్ములు. ఆయన గబుక్కున లేచి నాలుగడుగులు దూరంగా జరిగి నిలబడేవాడు. అక్కడినుంచే మాట్లాడేవాడు. అలా దూరం నుంచి మాట్లాడే మాటల్లో ఇంక ఏముంటుంది, అమ్మకి కాళ్ళనొప్పులు, గేదె ఈనింది, తమ్ముడికి సంబంధం చూస్తున్నాం.

ఆరు ఇంకా మండుతూనే ఉంది గాని ఉబ్బలేదు. చేత్తో తడమకూడదు, అయినా కంటికి కనిపిస్తోంది కదా, చదునుగానే ఉంది. ఎరుపు కూడా కాస్త పలచబడిందా? లేదు, వెలుతురు మారింది, అంతే. ఒకటో అంకె బాగా ఉబ్బింది, అది అందరికీ ఉబ్బేదేనని సిస్టరు ముందే చెప్పింది, పరీక్ష పనిచేస్తోందో లేదో చూడ్డానికట. ఇంకోటి కూడా ఉబ్బింది. మూడు. ఎప్పుడు లేచిందో చూసుకోలేదు, ఆరుని చూస్తూ కూచుని మూడుని చూడలేదు. తెల్లగా, గట్టిగా, అర్ధణా బిళ్ళంత, చుట్టూ ఎర్రగా, ఒక పక్క తోక కూడా సాగుతోంది. జిల అంతా అక్కడిదే. నువ్వెవరే అసలు? నిన్నెవరు పిలిచారు? అయిదు కూడా కొంచెం లేచింది. లేస్తే లేవనీ. ఒకటికంటే ఎక్కువ ఉండకూడదని ఏముంది. మూడుతో పాటు ఆరు కూడా ఉండొచ్చు. ప్రభువా, పది నిమిషాల కింద అడిగిందే మళ్ళీ అడుగుతున్నాను, చిన్న ఉబ్బు చాలు, ఆవగింజంత చాలు.

ఆయన మిరపపని మానేశాడు. ఆ సంగతి తలుచుకోకూడదని ఈ గదిలోకి వచ్చినప్పటినుంచి తప్పించుకు తిరుగుతున్నాను. నా కోసమే మానేశాడు. డెబ్బై ఏడులో. చిన్నప్పటినుంచి ఎరిగిన పని, కాటా మీద బస్తా పడితే కళ్ళతోనే తూకం చెప్పే మనిషి, యార్డులో అందరూ బావా బావా అని పిలిచే మనిషి, ఎవరూ తెలియని వేటపాలెం వెళ్ళి జీడిపప్పు బట్టీలో కూలికి చేరాడు. మూడు నెలలు ఇటు రాలేదు. ఒంట్లోది పూర్తిగా పోనీ అని. కూరలో కూడా మిరపకాయ తినలేదట. అక్టోబరులో వచ్చాడు. చేతులు జీడిరసానికి నల్లగా పొక్కిపోయి ఉన్నాయి. పంపు కింద స్నానం చేసి, నేనిచ్చిన చొక్కా తొడుక్కుని, పెళ్ళికొడుకులాగా వచ్చి గడ్డిలో కూచున్నాడు. మూడు నెలలైంది సంతోషం, మిరపకాయ మొహం చూడలేదు, రా, పక్కన కూచో అన్నాడు. కూచున్నాను. నాకూ సంతోషంగానే ఉంది. వాన వెలిసిన వారం, గడ్డి మోకాలెత్తున పూతకొచ్చి ఉంది. పావుగంట కాలేదు. పన్నెండు తుమ్ములు. పదమూడు. ఊపిరి పట్టేసింది. కన్నీళ్ళలోంచి ఆయన మొహం చూస్తూ నేను అన్నాను, నేనే అన్నాను, ఇంకెవరో కాదు, ఇంకా ఉందండీ, మీ ఒంట్లోకి ఇంకిపోయింది అని.

ఆయన తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. కోపం వస్తే బావుండేది. తిట్టినా బావుండేది. "ఒంట్లోనే ఉందంటే ఇంక నేను చేసేదేముంది" అని లేచాడు. నాకు తగలకుండా చుట్టూ తిరిగి గేటు వైపు వెళ్ళాడు. నేను పిలవలేదు. దగ్గుతున్నాను, అందుకని పిలవలేదు అని తొమ్మిదేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. దగ్గు తగ్గాక అయినా స్టేషనుకి పరిగెత్తి ఉండొచ్చు. బండి సాయంత్రం గాని లేదు.

తరవాతి నెలలో ఉప్పెన వచ్చింది. సముద్రం పక్కన ఊళ్ళకు ఊళ్ళు పోయాయని రేడియోలో చెబుతుంటే వేటపాలెం పేరు వస్తుందేమోనని రేడియోని పట్టుకుని కూచున్నాను. పన్నెండో రోజున కార్డు వచ్చింది. చేతిరాత ఆయనది కాదు. నేను క్షేమం, ఈ కార్డు పోస్టాఫీసులోనే కొని, పోస్టుమాస్టరుగారి చేత రాయించి, ఆయన చేతనే డబ్బాలో వేయించాను, నా చెయ్యి తగలలేదు, నువ్వు భయం లేకుండా చదువుకోవచ్చు అని ఉంది. చదివి, పెట్టె అడుగున పెట్టాను. జవాబు రాశాను, రెండు ముక్కలు, దేవుడు కాపాడాడు అని. నా దగ్గరకు రండి అని రాయలేదు. ఎలా రాస్తాను, ఊపిరాడదు కదా.

నిరుడు మా మరిది ఇమ్మానియేలు హాస్టలుకి వచ్చాడు, వాళ్ళ పాపని బళ్ళో వెయ్యాలని. మాటల మధ్యలో అన్నాడు. అన్నయ్య మా ఇంటికొస్తే లోపలికి రాడు వదినా, అరుగు మీదే కూచుంటాడు. పాప పుట్టినప్పుడు ఎత్తుకోమని ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నా ఒంట్లో మిరప ఉందిరా, పసిదానికి పడదు అంటాడు. చర్చిలో కూడా చివరి వరసలో, తలుపు దగ్గర గాలి బయటకు పోయే చోట కూచుంటాడంట. వేటపాలెంలో ఒక్కడే వండుకుంటాడు, ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టడు. పిచ్చి పట్టిందా అని అడిగితే మీ వదినని అడుగు, చదువుకున్న మనిషి, అబద్ధం చెప్పదు అన్నాడట. ఇమ్మానియేలు నా మొహంలోకి చూస్తూ నిజమేనా వదినా అని అడిగాడు. నేను టీ చల్లారిపోతోంది తాగమన్నాను. ఆ రోజునుంచే ఈ పరీక్ష మాట నా తలలోకి వచ్చింది. రావడానికి మళ్ళీ ఏడాది పట్టింది, భయపడి.

ముప్పై నాలుగు. తలుపు చప్పుడైంది. జైతున్‌బీ సిస్టరు వచ్చి నా చేతి మీదికి వంగి చూసి అబ్బో అంది. చూపంతా మూడు మీదే ఉంది.

"మూడేమిటి సిస్టరుగారూ?"

"చెప్పకూడదండీ, డాక్టరుగారు తిడతారు."

"ఎలాగూ ఆరు నిమిషాల్లో తెలిసేదే కదమ్మా."

ఆవిడ తలుపు వైపు ఓసారి చూసింది. "గరికండీ. గరికగడ్డి పూత ఉంటదే, దాని పుప్పొడి. రోజూ మా గేదెకి నేను కోసుకొచ్చేదే. మీకు ఇంతలా పడదు కాబోలు. ఆ అయిదు జొన్నపూత, అదీ గడ్డిజాతే, దీనికి చుట్టం. ఒకదాన్ని పట్టిన చెయ్యి కొంచెం రెండోదాన్నీ పడతదంట."

ఆరో అంకె మీదికి నా చూపు పోనివ్వలేదు. ఆవిడ కూడా దాన్ని చూడకుండానే వెళ్ళిపోయింది. చూడ్డానికి అక్కడ ఏముంది గనక.

గరిక. గడ్డి. మూడో ఏడు, గేదెను కొన్న కొత్తల్లో. రోజూ సాయంత్రం చేలగట్ల మీద గరిక కోసి మోపు కట్టి నెత్తిన పెట్టుకుని వచ్చేదాన్ని, మొహం మీద, మెడ మీద, జాకెట్టులో అంతా గడ్డి. ఇంటికి వచ్చి మోపు పడేసి తుమ్మేదాన్ని. అప్పుడే ఆయన యార్డు నుంచి వచ్చేవాడు. ఎర్రటి నుసి కంటికి కనిపిస్తుంది, పూత దుమ్ము కనిపించదు. కనిపించినవాడి మీద నేరం మోపేశాం, అత్తా, బుడాన్ డాక్టరూ, నేనూ, చివరకు ఆయనా. కంటిచూపుకు మంచిదని ఎవరో చెబితే పదకొండేళ్ళుగా పొద్దున్నే హాస్టలు ఆవరణలో మంచుకు తడిసిన గడ్డి మీద చెప్పులు లేకుండా నడుస్తున్నాను, నడిచి వచ్చి తుమ్ముతున్నాను, తుమ్మి అంకమ్మని తిడుతున్నాను. తోటపని చేసే చెంచయ్య గడ్డి కోసిన రోజున మంచం దిగలేకపోయేదాన్ని. ఆ రోజు కూడా పక్కింటివాళ్ళు మిరపకాయలు ఎండబెట్టారని గొడవకు మనిషిని పంపాను. కార్తీకమాసంలో కాయ ఇంకా చెట్టు మీద పచ్చిగానే ఉంటుంది, ఎండుమిరప యార్డుకు వచ్చేది మాఘం దాటాక. నా తుమ్ములు జోరెత్తేది వానలు వెనకబట్టాక. పిల్లలకు రుతువుల పాఠం చెప్పే మనిషిని, ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఒక్కసారి చూసుకోలేదు. ఆ కాలవగట్టు మీద ఆయన చేతిలో ఉన్నది, నా మెడ మీద రాసింది, గరికపూతే. నాలుగడుగులు దూరం జరగాల్సింది ఆయన కాదు, ఆ గడ్డిలోంచి లేవాల్సింది నేను. మిరపబస్తాల మధ్య నుంచి వచ్చిన మనిషిని గదిలోకి రానిచ్చి, తలుపు వేసుకుని పక్కన కూచుని ఉంటే ఒక్క తుమ్ము వచ్చేది కాదు. తప్పు నాది. నా ఒంటిది అని తప్పించుకోవచ్చు గాని, ఒంటికి నోరు లేదు. ఇంకిపోయింది అన్నది నోరు.

డాక్టరుగారు వచ్చి స్టూలు లాక్కుని కూచున్నారు. చిన్న స్కేలు పెట్టి మూడుని అటూ ఇటూ కొలిచారు. అయిదుని కొలిచారు. ఆరు మీద వేలితో నిమిరి చూసి, స్కేలు పెట్టకుండానే సున్నా రాశారు.

"అది మండిందండీ" అన్నాను. "ఎర్రబడింది కూడా. నేను చూశాను."

"మిరపకాయ ఎవరికైనా మండుతుందమ్మా, నాకు పెట్టినా మండుతుంది. మంట వేరు, ఉబ్బు వేరు. ఘాటుకు తుమ్మడం వేరు, గుర్తుపట్టి తుమ్మడం వేరు. ఘాటుకు ఊరంతా తుమ్ముతుంది, ఘాటు పోగానే ఆగిపోతుంది. మీ ఒంటికి మిరప ఎవరో కూడా తెలియదు. మీది గడ్డి. శుభ్రంగా పచ్చడి వేసుకుని అన్నం తినండి, గడ్డిలో మాత్రం కూచోకండి."

"మిరపపని చేసినవాళ్ళ ఒంట్లోకి అది ఇంకిపోవడం..."

"అలాంటిదేమీ ఉండదు. స్నానం చేస్తే పోతుంది. ఎవరు చెప్పారు మీకా మాట?"

సిస్టరు తడిదూదితో నా చెయ్యి తుడిచింది. డాక్టరుగారు మందుచీటీ పుస్తకం దగ్గరకు లాక్కుని మాత్రలు, ముక్కులో వేసుకునే చుక్కలు, ఏ నెలల్లో ఎలా జాగ్రత్తపడాలో రాసి చింపి ఇచ్చారు. నేను లేవలేదు.

"ఇంకో కాగితం రాసివ్వాలండీ" అన్నాను. "తెలుగులో. చదువు తక్కువైనవాళ్ళకు కూడా తెలిసేట్టు. కింద మీ సంతకం, ముద్ర ఉండాలి."

"ఎవరి పేరు మీద?"

పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆ పేరు నా నోట పలకలేదు.

"తోమా" అన్నాను. "తోమా అని రాయండి. ఆయన ఒంట్లో ఏమీ లేదని రాయండి. ఎవరింట్లోకైనా వెళ్ళి కూచోవచ్చని, పిల్లల్ని ఎత్తుకోవచ్చని రాయండి."

డాక్టరుగారు పెన్ను కాగితం మీద ఆపి నా వైపు చూశారు. "ఆయన్ని నేను పరీక్ష చెయ్యలేదు కదమ్మా."

"నన్ను చేశారు కదండీ" అన్నాను. "రాయండి. వేటపాలెం బండికి వేళవుతోంది."